బడికి ఏసీలు: టన్నుల కంటే ముందు చోటు చూడాలి (నా అనుభవం)

ఖమ్మంలో ఒక మూడంతస్తుల ప్రైవేటు బడికి నేను అడ్మినిస్ట్రేషన్ పనులు చూస్తాను. ఇక్కడి ఎండల సంగతి మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి గానీ, పదో తరగతి పిల్లలకు మధ్యాహ్నం స్టడీ అవర్లు తప్పవు. జూన్‌లో బడి తెరిచాక వానలు పట్టేదాకా పై అంతస్తు పిల్లలు చెమటతో తడిసి ముద్దవుతారు. తల్లిదండ్రుల మీటింగ్ ఎప్పుడు పెట్టినా ఇదే మాట. చివరికి పై అంతస్తు తరగతులకూ, కింద కంప్యూటర్ ల్యాబుకూ ఏసీలు పెట్టిద్దామని మా కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. కొటేషన్లు తెప్పించడం దగ్గర్నుంచి బిగింపు దాకా నా చేతికి వచ్చింది. ఇలాంటి పని నెత్తిన వేసుకున్న బడులు ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి, ఏమేం చూశామో, ఎక్కడ పట్టుబట్టామో రాస్తున్నాను.

కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన వాళ్లందరూ టేపు తీసి గది కొలిచారు. పిల్లలు ఎంతమంది కూర్చుంటారని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంట్లో బెడ్‌రూమ్‌కి వేసే లెక్కనే బడికీ వేస్తే కుదరదు. మా గదులు 20 అడుగులకు 25, అంటే 500 చదరపు అడుగులు. సీబీఎస్ఈ బడులకు తరగతి గది ఇంతకంటే తగ్గకూడదని నిబంధన ఉంది, ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చొప్పున. అలాంటి గదిలో 40 మంది ఉంటారు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచే సుమారు 100 వాట్ల వేడి బయటికొస్తుంది. 40 మందికి 4 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ లాగేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే గోడలు, స్లాబు, కిటికీల మీద పడే ఎండ ఇవేవీ కలపకముందే, పిల్లల ఒంటి వేడికే ఒక టన్ను చాలదు. పైగా గదిలోకి తాజా గాలి రావాలి, ఆ గాలి 42 డిగ్రీల్లో ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి ఇంకో టన్ను పైమాటే. స్లాబు వేడి కూడా కలిపితే గదికి రెండు టన్నులవి రెండు కావాల్సి వచ్చాయి.

ఈ లెక్క కాస్త తగ్గించుకోవడానికి ముందుగా స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అప్పట్నుంచి ఈ పని చేసే మేస్త్రీలు తేలిగ్గానే దొరుకుతున్నారు. పెయింట్ వేశాక మధ్యాహ్నం పూట ఫ్యాను కింద కూర్చుంటే తేడా తెలిసింది. ఏసీ కొనే బడి ఏదైనా ఈ పని ముందు చేయాలని నా గట్టి అభిప్రాయం.

అసలు చిక్కంతా ఔట్‌డోర్ యూనిట్ల దగ్గర, అంటే గది వేడిని బయటికి వదిలే పెట్టెల దగ్గర మొదలైంది.

మొదట వచ్చిన కాంట్రాక్టరు మనిషి ఔట్‌డోర్లన్నీ వరండా గోడకే బిగిస్తానన్నాడు. పైపు తక్కువ పడుతుంది, పని ఒక్క పూటలో అయిపోతుంది, "అన్ని బడుల్లో ఇలాగే పెడుతున్నాం మేడమ్" అన్నాడు. నేను ఆ వరండాలో ఇంటర్వెల్ టైములో నిలబడి చూశాను. నాలుగు తరగతుల పిల్లలు ఒక్కసారిగా బయటికొస్తే అక్కడ నడవడానికే చోటుండదు. అక్కడ గోడ నుంచి అడుగున్నర ముందుకొచ్చే ఇనుప పెట్టెలు వరసగా పెడితే నిప్పు అంటుకున్న రోజున పిల్లలు మెట్ల దాకా ఎలా వెళ్తారు? మామూలు రోజుల్లో కూడా ఆ యూనిట్లు వదిలే సెగ మొత్తం వాళ్లు నడిచే దారిలోకే వస్తుంది. 2019 మేలో సూరత్‌లో కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగ్ అంటుకుని 22 మంది విద్యార్థులు చనిపోయారు. కిందికి దిగే దారి లేక పై అంతస్తు నుంచి పిల్లలు దూకడం టీవీల్లో దేశమంతా చూసింది. ఆ తర్వాత కూడా పిల్లల దారిలో ఇంత సామాను పెట్టించుకోవడానికి నాకు మనసొప్పలేదు. వరండా వద్దన్నాను, ఆ కాంట్రాక్టరు పక్కకు తప్పుకున్నాడు.

రెండో మనిషి వెనక సందు చూపించాడు. మా ప్రహరీకీ బిల్డింగ్‌కీ మధ్య సందు మరీ ఇరుకు, పక్కింటి గోడ ఎదురుగానే. ఔట్‌డోర్ యూనిట్‌కి వెనక, పక్కల కంపెనీ చెప్పినంత ఖాళీ ఉండాలి, ముందు వైపు మాత్రం గాలి ధారాళంగా పోవాలి. కంపెనీ మాన్యువల్‌లో ఈ కొలతలన్నీ బొమ్మ వేసి ఉంటాయి, బిగించే మనిషిని ఆ పేజీ తెరిచి చూపించమని అడగాలి. ఎదురుగా గోడ ఉంటే వదిలిన వేడి గాలే తిరిగొచ్చి మళ్లీ యూనిట్‌లోకి పోతుంది. ఒకదాని పైన ఒకటి పెడితే కింది దాని సెగ పైదానికి తగులుతుంది. ఏసీ సామర్థ్యం లెక్కగట్టేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. మన దగ్గర మేలో 44, 45 మామూలే. దానికి తోడు సొంత సెగే చుట్టుకుంటే కంప్రెసర్ ట్రిప్ అయిపోతుంది, సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి, ఏసీ అవసరం ఎక్కువున్నప్పుడే. ఇంకో విషయం, బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) ఫైరింజన్ వాళ్లు తిరగడానికి కూడా. ఆరు మీటర్ల ఎత్తు దాటిన బడి బిల్డింగ్‌కి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. మా ఎన్‌ఓసీ చూడటానికి వచ్చిన అధికారి కూడా ఆ సందులో నేల మీద ఏదీ పెట్టొద్దని చెప్పి వెళ్లారు.

దాంతో పై అంతస్తు యూనిట్లకు డాబానే గతి అని తేలింది.

డాబా అయినా అంత తేలిక కాదు. మా కరస్పాండెంట్ గారి బావగారు ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని బతిమాలి పిలిపించాం. పిట్టగోడకు బ్రాకెట్ కొట్టి యూనిట్లను బయటివైపు వేలాడదీస్తే డాబా మీద చోటు మిగులుతుందని కాంట్రాక్టరు అన్నాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా డ్రిల్ తెప్పించి పిట్టగోడలో ఒక రంధ్రం వేయించారు. కాసేపు ఎర్రటి ఇటుక పొడి రాలింది, ఆ తర్వాత డ్రిల్ బిట్ ఏ అడ్డూ లేకుండా లోపలికి జారిపోయింది. యాంకర్ బోల్ట్ బిగించి స్పానర్‌తో తిప్పుతుంటే బిగుసుకోవాల్సింది పోయి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చేత్తో లాగితే పొడితో సహా ఊడొచ్చింది. అది నాలుగున్నర అంగుళాల గోడ, పాతికేళ్ల నాటిది. రెండు టన్నుల ఔట్‌డోర్ బరువు 40 కిలోలు దాటుతుంది, పైగా నడుస్తున్నంతసేపూ అదురుతుంటుంది. "ఈ గోడకు బట్టలారేసే తాడు కట్టుకోండి, ఇంకేం కట్టకండి" అన్నారాయన. ఆ గోడ కిందే మా పిల్లలు ప్రేయర్‌కి నిలబడేది. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్ ప్రాంతంలో పై అంతస్తు నుంచి ఔట్‌డోర్ యూనిట్ ఊడిపడి కింద స్కూటీ మీదున్న కుర్రాడు చనిపోయిన వీడియో చాలామంది చూసే ఉంటారు. బ్రాకెట్ తప్పనిసరైతే కాంక్రీటు బీముకైనా కొట్టాలి, లేదా గోడకు ఆ పక్క నుంచి ఈ పక్కకు బోల్టు వేసి వెనక ఇనుప ప్లేటైనా పెట్టాలి. మనుషులు నిలబడే చోటికి పైన మాత్రం అసలు వద్దు.

చివరికి డాబా మీద బీములు ఎక్కడెక్కడ పోతున్నాయో సుద్దతో గీతలు గీసి, ఆ గీతల మీదికే ఇనుప స్టాండ్లు వచ్చేలా పెట్టించారు. కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేశారు, అదురు స్లాబుకి తగలకుండా. ఇక్కడే మా ఆయమ్మ ఒక మాట అంది, అది ఇంజినీరు గారికి కూడా తట్టలేదు. స్టాండ్లను పిట్టగోడ దగ్గరగా పెడుతుంటే చూసి, "పిల్లలు దాని మీద కాలేసి గోడెక్కుతారమ్మా" అంది. డాబా తలుపుకి తాళం ఉంటుంది నిజమే, కానీ ఆగస్టు 15కి, సైన్స్ ఎగ్జిబిషన్‌కి పిల్లలు పైకి వస్తారు. రెండడుగుల ఎత్తు స్టాండు గోడ పక్కనుంటే అది పిల్లలకు మెట్టే. స్టాండ్లన్నీ గోడకు మీటరు పైన దూరం జరిపించాం. దాంతో సర్వీసు చేసేవాడు చుట్టూ తిరగడానికీ చోటు దొరికింది. ఆయమ్మ చెప్పింది కిటికీలకూ వర్తిస్తుంది. కిటికీ బయట సన్‌షేడ్ మీద ఔట్‌డోర్ పెడితే, దాని మీద పడిన బంతి కోసం పిల్లవాడు కిటికీలోంచి దిగడానికి చూస్తాడు. బడిలో ప్రతి వస్తువునీ ఎనిమిదేళ్ల పిల్లవాడి కళ్లతో చూడాలి.

కింది కంప్యూటర్ ల్యాబు నుంచి డాబా దాకా పైపు లాగడం కుదరలేదు. పైపు మరీ పొడవైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఎంత పొడవు, ఎంత ఎత్తు తేడా దాకా ఒప్పుకుంటారో మాన్యువల్‌లో ఉంటుంది. దాని ఔట్‌డోర్‌ని సైకిల్ స్టాండు పక్కన సిమెంటు దిమ్మె మీద పెట్టి చుట్టూ పంజరం కట్టించాం. వెల్డరు ముందు రేకుతో మూసేద్దామన్నాడు. రేకైతే గాలి ఆడదు. వేలు దూరనంత సన్న కళ్లున్న వెల్డెడ్ మెష్ పెట్టించి, ఫ్యానుకి ఎదురుగా ఎక్కువ ఖాళీ వదిలి, సర్వీసుకి తాళం వేసే తలుపు ఉంచాం. పిల్లలు తిరిగే ఫ్యానులో పుల్లలు పెట్టి చప్పుడు వింటారు, ఏ బడిలోనైనా అంతే. పంజరం మూలలు పదునుగా లేకుండా గ్రైండింగ్ పట్టించడం మర్చిపోకూడదు.

కరెంటు విషయానికొస్తే, మా పాత ఎలక్ట్రీషియన్ బాబాయ్ మాటే చెల్లింది. ఈ సైజు ఏసీ ఒక్కోటి రెండు కిలోవాట్ల పైన తీసుకుంటుంది. పాత వైరింగు ఫ్యాన్లకూ ట్యూబులైట్లకూ వేసింది. దాన్నుంచే లాగుదామని కాంట్రాక్టరు కుర్రాళ్లు అంటే ఆయన బోర్డు విప్పి, వైరు తొడుగు వేలితో నలిపి చూపించాడు. పెళుసెక్కి పెంకులా రాలింది. ముందు లోడ్ పెంచమని కరెంటు ఆఫీసు వాళ్లకు దరఖాస్తు పెట్టి, ఛార్జీలు కట్టి, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందో లేదో వాళ్లు చూసుకున్నాకే పని మొదలుపెట్టాం. ప్రతి ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం కాపర్ వైరు, విడిగా ఎంసీబీ (లోడ్ మించితే ఆపేసే స్విచ్చి), పైన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టాం. మధ్యలో జాయింట్లు లేవు. మూడు ఫేజుల మీదా లోడ్ సమానంగా పంచాడు. కొత్తగా ఎర్త్ గుంతలు తవ్వించి మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూశాకే సంతకం చేశాడు. బోర్డు మెట్ల కింద పెడదామన్న ఆలోచనను నేను ఒప్పుకోలేదు. మెట్లే అందరూ దిగే దారి, అంటుకుంటే మొదట పొగ నిండేది అక్కడే. ఆఫీసు వెనక గోడకు మార్చి పక్కన మంటలార్పే సీఓటూ సిలిండరు తగిలించాం. కరెంటు మంటల మీద నీళ్లు పోయకూడదని ఆయమ్మలకూ వాచ్‌మన్‌కీ చేసి చూపించాం.

ఇప్పుడు గాలి సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇంట్లో ఇద్దరు పడుకునే గదికి అది నడుస్తుంది. 40 మంది పిల్లలు కిటికీలు మూసుకుని కూర్చుంటే వాళ్లు వదిలిన గాలినే వాళ్లు పీలుస్తారు. కార్బన్ డయాక్సైడ్ చూపించే చిన్న మీటరు ఒకటి తెప్పించి మొదటి గదిలో పెట్టాం. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) చూపించే మీటరు, తలుపులు మూసిన పీరియడ్ అయ్యేసరికి 2000 దాటింది. ఆ పీరియడ్ చివర్లో లెక్కల మాస్టారు ప్రశ్న అడిగితే ముందు బెంచీల వాళ్లు కూడా ఆవులిస్తున్నారు. చల్లగా ఉంది కదా, హాయిగా నిద్రొస్తోందని అందరూ నవ్వారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. అది హాయి వల్ల వచ్చిన నిద్ర కాదు, గాలి ఆడక వచ్చిన మత్తు. జలుబు, దగ్గు ఒకరికుంటే వారంలో తరగతంతా పాకేది కూడా ఇలాంటి గదిలోనే.

మిగతా గదుల్లో బిగింపు ఆపించాను. ప్రతి గదిలో వెనక గోడకు పైన తొమ్మిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురు గోడలో కింద గాలి వచ్చే జాలీ, దానికి దోమల మెష్ పెట్టించాం. ఎగ్జాస్ట్ మాత్రమే పెట్టి గాలి వచ్చే దారి లేకపోతే అది ఊరికే తిరుగుతుంది. జాలీ బాత్రూముల వైపు, జనరేటర్ పొగ గొట్టం వైపు లేకుండా చూసుకున్నాం. ఎగ్జాస్ట్ స్విచ్చిని ఏసీ స్విచ్చితో కలిపేశాడు బాబాయ్, ఏసీ వేస్తే అదీ తిరగాల్సిందే. చల్లదనం బయటికి పోతుందని, కరెంటు బిల్లు పెరుగుతుందని అభ్యంతరాలు వచ్చాయి. పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చుని టన్నుల లెక్కలో ముందే కలుపుకున్నాం కాబట్టి గది చల్లబడటంలో లోటు రాలేదు. ఫ్యాను తిరుగుతున్న గదిలో మీటరు 1000 అటూ ఇటూగా నిలబడింది. రిమోట్లు టీచర్ల దగ్గరే, 25 లేదా 26లో పెట్టి పైన ఫ్యాన్లు మెల్లగా వేసుకోమన్నాం. 2020 నుంచి మన దేశంలో అమ్మే రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవుతాయి, అంతకు తగ్గించాల్సిన అవసరం బడిలో రాదు.

ఏసీ పెట్టగానే కిటికీలను శాశ్వతంగా మూసేయాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. ప్లైవుడ్ కొట్టేద్దాం, ఫిక్స్‌డ్ గ్లాస్ వేద్దాం అంటారు. మేం ఒక్క కిటికీ కూడా మూయలేదు, తెరుచుకునే రెక్కలకే రబ్బరు పట్టీలు అంటించాం. కరెంటు పోతే రెండు నిమిషాల్లో తెరవాలి, పొగొస్తే ఊపిరికి అవే దిక్కు. తలుపులకు డోర్ క్లోజర్లు పెట్టించాం గానీ లోపలి నుంచి గడియ పెట్టే వీలు తీసేశాం. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం గదిలో 45 మందికి మించితే రెండు తలుపులుండాలి. మా సెమినార్ హాల్లో రెండో తలుపుకి అడ్డంగా ఇండోర్ టవర్ యూనిట్ పెడదామన్నారు, ఆ మాట అక్కడే ఆగిపోయింది. చల్లదనం నిలవడానికి పీవీసీ సీలింగు, దాని పైన థర్మోకోల్ వేస్తామని ఒకాయన మంచి రేటు చెప్పాడు. అవి అంటుకుంటే కరిగి పిల్లల మీద పడతాయి, దాని పొగ ఇంకా ప్రమాదం. 2004లో కుంభకోణం బడిలో పాకకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయిన తర్వాత, 2009లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నీ అగ్ని భద్రత నియమాలు పాటించాలని తీర్పిచ్చింది. తాటాకు తీసేసి థర్మోకోల్ ఎక్కిస్తే ఏం మారినట్టు?

ఇప్పుడొచ్చే ఏసీల్లో చల్లబరచడానికి ఎక్కువగా వాడేది ఆర్-32 గ్యాసు. అది కొద్దిగా మండే రకం, గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగుతుంది. తరగతి గదంత పెద్ద గదిలో ఒక యూనిట్‌లో ఉండే గ్యాసుతో ఇబ్బంది రాదు. కిటికీ లేని చిన్న స్టోర్ రూముకో, సర్వర్ గదికో పెట్టేటప్పుడు మాత్రం గ్యాసు బరువుకి గది ఎంత ఉండాలో మాన్యువల్ పట్టిక చూడాలి. పైపు జాయింట్లు వీలైనంత వరకు గది బయటే ఉండేలా చేశారు. పైపుల్లో నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలుస్తుందో లేదో ఒక రాత్రంతా వదిలేసి, తెల్లారి గేజీ చూసి, వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేశాకే గ్యాసు వదిలారు. ఈ పనులన్నీ సెలవుల్లోనే, పిల్లలు లేనప్పుడే చేయించాం.

ఇండోర్ యూనిట్లు ఏడున్నర అడుగుల ఎత్తులో, పైన జానెడు ఖాళీతో, నేరుగా పిల్లల తలల మీదికి గాలి కొట్టకుండా పక్క గోడలకు పెట్టించాం. డ్రెయిన్ పైపులను వాటం చూసి కిందికి దించి వేప చెట్టు పాదులో వదిలాం. కొన్ని బడుల్లో ఆ నీళ్లు వరండా టైల్స్ మీద కారుతుంటాయి, పరిగెత్తే పిల్లలు జారిపడటానికి అది చాలు.

ఆరో తరగతి బి సెక్షన్‌కి మాత్రం ఏసీ పెట్టలేదు. దానికి ఉన్నది ఒకటే బయటి గోడ, ఆ గోడ కిందే గేటు. దాని మీది డాబాలో బీము లేదు, నీళ్ల ట్యాంకు ఉంది. గాలి వచ్చే జాలీకి కూడా చోటు దొరకలేదు. తల్లిదండ్రులు గట్టిగానే అడిగారు, మా పిల్లలేం పాపం చేశారని ఒక అమ్మ నా ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. గోడనూ, డాబానూ ఆమెను వెంటబెట్టుకెళ్లి చూపించాను. ఈ ఏడాది ఆ సెక్షన్‌ని కింది అంతస్తులో లైబ్రరీ ఉన్న గదిలోకి మార్చాం, లైబ్రరీ పైకి వెళ్లింది. కింద గదికి తూర్పు, ఉత్తరం రెండు వైపులా కిటికీలున్నాయి, ఏసీ లేకుండానే పిల్లలు కూర్చోగలుగుతున్నారు.